మాయాబందర్‌లో ఇంటి ఫోను: రాగి తీగ నుంచి ఇంటర్‌నెట్‌కు

మాయాబందర్ మధ్య అండమాన్ దీవికి ఉత్తరపు కొసన ఉన్న చిన్న రేవు పట్టణం. 2006 ఆగస్టులో ఏర్పడిన ఉత్తర మధ్య అండమాన్ జిల్లాకు ఇదే కేంద్రం. పోర్ట్ బ్లెయిర్‌కు (2024 సెప్టెంబరు నుంచి దాని పేరు శ్రీ విజయపురం) రోడ్డు మీద దాదాపు 240 కిలోమీటర్ల దూరం. 1925లో బర్మా నుంచి వచ్చి వేబీ దగ్గర ఊరు కట్టుకున్న కరెన్లు, రాంచీ కూలీల సంతతి, బెంగాలీలు, తమిళులు, తెలుగువాళ్లు ఇక్కడ కలిసి బతుకుతున్నారు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల మొత్తం జనాభా 3.8 లక్షలు, అందులో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వాళ్లలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఉన్నాయి. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడలో రెండు రోజులకు పైనే పడుతుంది. అక్కడినుంచి మాయాబందర్‌కు బస్సులో ఇంకో పగలంతా. ఇంత దూరం మధ్యన నిలబడ్డవాళ్లకు ఫోను సౌకర్యం కాదు, చుట్టరికం నిలిపే దారం. అందుకే ఆ ఫోనును రాగి తీగ మీద ఉంచుకోవాలా, ఇంటర్‌నెట్ మీదికి మార్చుకోవాలా అన్న ప్రశ్న ఇక్కడ నెల బిల్లు లెక్కతో తేలేది కాదు.

ఇంటర్‌నెట్ ఫోను అంటే మాటను అంకెలుగా మార్చి, చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, మిగతా ఇంటర్‌నెట్ సమాచారం పోయే దారినే పంపే పద్ధతి. అవతలి కొసన ఆ పొట్లాలను వరస తప్పకుండా విప్పితే మళ్లీ గొంతు అవుతుంది. ఇందుకు పెద్ద వేగం అక్కర్లేదు. గొంతు తేటగా వినిపించాలంటే ఒక్కో వైపు సెకనుకు 100 కిలోబిట్లు చాలు. కుదించి పంపితే అందులో మూడో వంతుతోనే సరిపెట్టవచ్చు. సినిమా చూడటానికి చాలని లైను కూడా మాటకు చాలుతుంది. మాటకు కావలసింది ఒకే తీరు. పొట్లాలు ఆలస్యంగా వచ్చినా, ఒకటి ముందు ఒకటి వెనక వచ్చినా, దారిలో పడిపోయినా మాట తెగుతుంది.

పాత తీగ పనితనం

ల్యాండ్‌లైన్ గురించి అందరూ మరిచిపోయిన సంగతి ఒకటుంది. ఆ ఫోనుకు ఇంట్లో ప్లగ్గు లేదు. అది బతికేది ఎక్స్ఛేంజి నుంచి అదే తీగ జత మీద వచ్చే 48 వోల్టుల కరెంటుతో. రింగు మోగేటప్పుడు వోల్టేజి ఇంకా పెరుగుతుంది. తీగ కొసలు విప్పి పట్టుకున్న లైన్‌మన్ వేళ్లకు సరిగ్గా ఆ సమయానికే ఎవరైనా ఫోను చేస్తే చురుక్కుమనేది అందుకే. ఎక్స్ఛేంజిలో గదినిండా బ్యాటరీలు, వాటి వెనక జనరేటరు. ఊరంతా చీకటైనా రిసీవరు ఎత్తితే డయల్ టోను వినపడేది. తుఫాను రాత్రి ఆ కూత వింటే కలిగే ధైర్యం కోస్తా జిల్లాలవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

రాగి తీగకు శత్రువులూ ఉన్నారు. అండమాన్‌లో ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల దాకా వాన కురుస్తుంది. మే నెలలో నైరుతి మొదలైతే, ఆ వెనకనే ఈశాన్యం. పొడి నెలలు నాలుగైదుకు మించవు. గాలిలో ఎప్పుడూ ఉప్పు. స్తంభం మీది డబ్బా మూత తీసి చూస్తే తెలుస్తుంది: అతుకు వేసిన చోట ఎర్రటి రాగి పచ్చగా చిలుము పట్టి, గోరుతో గీకితే పొడిగా రాలుతుంది. ముందు లైనులో గరగర, తర్వాత అవతలివాళ్ల మాట సన్నబడటం, ఆఖరికి లైను డెడ్. అతుకు మళ్లీ వేయాలంటే మనిషి కావాలి. 2020 జనవరి ఆఖరున బీఎస్ఎన్ఎల్‌లో 78 వేల మందికి పైగా ఉద్యోగులు స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్నారు. ఏ జత ఏ డబ్బాలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగల తరం దేశమంతటా ఒక్కసారిగా ఇంటికి వెళ్లింది. రాగి తీగ పాతబడిందన్న దానికంటె, దాన్ని ఎరిగిన చేతులు తగ్గాయన్నదే నిజానికి దగ్గర.

గాజు తీగకు, అంటే ఫైబర్‌కు, చిలుము పట్టదు. పిడుగు దాని వెంట పరుగెత్తదు. వాన నీళ్లలో నానినా గొంతు గరగరలాడదు. ఈ దీవులకు ఇది చిన్న మేలు కాదు.

ఆకాశం నుంచి సముద్రంలోకి

2020 దాకా ఈ దీవుల మాటలన్నీ ఉపగ్రహం మీదుగానే ప్రధాన భూమికి చేరేవి. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకెళ్లి దిగడానికి పావు సెకను, బదులు రావడానికి ఇంకో పావు సెకను. అర సెకను అంటే ఏపాటిది అనిపిస్తుంది గాని, ఫోనులో అది పెద్ద గుంట. “అమ్మా, తిన్నావా?” అని అడిగి, జవాబు రాలేదని మళ్లీ “వినపడుతోందా?” అనేసరికి ఆమె మొదటి ప్రశ్నకిచ్చిన జవాబు వచ్చి రెండో ప్రశ్న మీద పడుతుంది. ఇద్దరూ ఆగుతారు. ఇద్దరూ మళ్లీ ఒకేసారి మొదలుపెడతారు. మాట ఒక వైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకపోతే సంభాషణ హాయిగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంఘం చెప్పే ప్రమాణం. ఉపగ్రహం ఆ గీతను మొదటి అడుగులోనే దాటేస్తుంది. ఆ రోజుల్లో ఇంటర్‌నెట్ ఫోను ఇక్కడ నిలబడకపోవడానికి ఈ ఆలస్యం ఒక కారణం, దీవులన్నీ కలిసి పంచుకోవలసిన ఇరుకు దారి రెండో కారణం.

చెన్నై అండమాన్ సముద్రగర్భ కేబుల్‌కు 2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగింది. 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, ఖర్చు 1,224 కోట్లు. డబ్బు సార్వత్రిక సేవా నిధిది, పని బీఎస్ఎన్ఎల్‌ది, కేబుల్ వేసింది జపాన్‌కు చెందిన ఎన్ఈసీ. కాంతి ఆ తీగ మొత్తం పొడవూ పరుగెత్తినా 12 మిల్లీసెకన్లు పట్టదు. పావు సెకను ఎక్కడ, ఇది ఎక్కడ! చెన్నై, పోర్ట్ బ్లెయిర్ మధ్య దారి వెడల్పు కూడా సెకనుకు 200 గిగాబిట్ల జోడు.

మాయాబందర్‌వాళ్లు గుర్తుంచుకోవలసింది ఇంకొకటుంది. ఆ కేబుల్ పోర్ట్ బ్లెయిర్ కాక మరో ఏడు చోట్ల ఒడ్డెక్కుతుంది: స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్. ఈ వరసలో మాయాబందర్ లేదు. దగ్గరి దిగుడు రేవు రంగత్. అక్కడినుంచి ఉత్తరానికి ఇంకో 70 కిలోమీటర్లు నేల మీది దారే, తీగ అయినా టవర్లయినా. ఆ దారిలో అడవి ఉంది, కొండచరియలు ఉన్నాయి, చెట్టు కూలడం ఉంది, రోడ్డు పనుల తవ్వకం ఉంది. సముద్రం అడుగున తీగ తెగితే బాగుచేసే ఓడ వచ్చి, కొక్కెంతో పైకి లాగి, ఓడ మీదనే అతుకు వేయాలి. నేల మీద తెగితే జీపులో మనిషి రావాలి.  ఈ రెంటిలో ఏది జరిగినా ఊరికంతటికీ జరుగుతుంది. ఆ రోజు రాగి తీగ ఉన్నవాడు ఊళ్లో ఫోన్లు చేసుకోగలడేమో గాని ప్రధాన భూమికి అతనూ చేయలేడు. బయటి ప్రపంచానికి పోయే మాట రాగి మీద బయలుదేరినా, ఎక్స్ఛేంజి దాటాక అదే దారిలో కలుస్తుంది. ఈ సంగతి తెలియక “పాత ఫోను ఉంటే ఏం జరిగినా మాట్లాడొచ్చు” అనుకునేవాళ్లు చాలామంది.

మూడు రకాల ఫోన్లు

ఇంటర్‌నెట్ ఫోను అనే ఒకే మాట కింద జనం మూడు వేరు వేరు వస్తువులను కలిపేస్తారు.

ఒకటి, ఫైబర్ కనెక్షన్‌తో వచ్చేది. గోడకు తగిలించే తెల్ల డబ్బాకు (టెక్నీషియన్లు ఓఎన్‌టీ అంటారు) వెనక వైఫై, నెట్ పోర్టులతో పాటు ఫోను పోర్టు ఒకటి ఉంటుంది. ఇంట్లో ఉన్న పాత ఫోనునే దాంట్లో గుచ్చవచ్చు, నొక్కే బటన్లున్నదైతే. వేలితో తిప్పే చక్రం ఫోన్లు ఎక్కువ డబ్బాలకు అర్థం కావు. దీనికి ప్రాంతం కోడ్‌తో సహా మామూలు నంబరు ఉంటుంది. అండమాన్ దీవుల కోడ్ 03192. అందరికీ చేయవచ్చు, అందరూ చేయవచ్చు. ఈ వ్యాసంలో ఇంటి ఫోను మార్చుకోవడం అంటే ముఖ్యంగా ఇదే.

రెండు, యాప్‌లో నడిచే నంబరు. మన దేశంలో 2002 ఏప్రిల్ నుంచి ఇంటర్‌నెట్ టెలిఫోనీకి అనుమతి ఉన్నా, దేశంలోని మామూలు ఫోన్లకు కలపడానికి వీలుండేది కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 అక్టోబరులో చేసిన సిఫార్సుల తర్వాత 2018లో ఆ తలుపు తెరుచుకుంది. అదే ఏడాది జూలైలో బీఎస్ఎన్ఎల్ వింగ్స్ ప్రకటించింది: ఏడాదికి 1,099 రూపాయలకు పది అంకెల నంబరు, సిమ్ లేకుండా.

మూడు, వాట్సాప్ లాంటివి. ఇవి ఫోన్లు కావు, ఇద్దరి దగ్గరా ఒకే యాప్ ఉంటే పనిచేసే మాటల దారులు. ఆసుపత్రికో కలెక్టరు కార్యాలయానికో వీటితో చేయలేం.

నంబరు విషయంలో జాగ్రత్త అవసరం. మొబైల్‌కు 2011 జనవరి నుంచి దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలుంది. ల్యాండ్‌లైన్‌కు ఆ వీలు లేదు. ఒకే కంపెనీలో రాగి నుంచి ఫైబర్‌కు మారేటప్పుడు పాత నంబరు నిలుపుకోవచ్చేమో దరఖాస్తుకు ముందే అడిగి, ఆ మాట కాగితం మీద రాయించుకోవాలి. ఇరవై ఏళ్ల కిందటి పెళ్లి శుభలేఖలోనో, పలాసలో పెద్దమ్మ డైరీలోనో, బ్యాంకు పాస్‌బుక్కులోనో ఉన్న నంబరు పోతే మళ్లీ చేరవలసినవాళ్లు చాలామంది.

కరెంటు

మారడం మంచిదా కాదా అన్నది మాయాబందర్‌లో నిజంగా తేలేది ఇక్కడే. దీవుల కరెంటు ప్రధాన భూమి గ్రిడ్డుతో కలవదు. దిగ్లీపూర్ దగ్గర కల్పాంగ్ జల విద్యుత్ కేంద్రం 5.25 మెగావాట్లది, అండమాన్ కరెంటులో ఎక్కువ పాలు డీజిల్ జనరేటర్లది. ఈదురుగాలికి కొమ్మ విరిగి తీగ మీద పడితే కరెంటు పోతుంది. కరెంటు పోతే గోడ మీది తెల్ల డబ్బా ఆరిపోతుంది. డబ్బా ఆరితే దానికి గుచ్చిన ఫోను ఉత్త ప్లాస్టిక్ ముక్క. పాత ఫోనుకు ప్రాణం ఎక్స్ఛేంజిలో ఉండేది. కొత్త ఫోనుకు ప్రాణం మన ఇంటి ప్లగ్గులో ఉంది. ఎక్స్ఛేంజి మోసిన బాధ్యత మన నెత్తిన పడిందన్నమాట, ఎవరూ చెప్పకుండానే.

మోయలేనంత భారమేం కాదది. డబ్బా 12 వోల్టులతో నడుస్తుంది, 10 వాట్లకు అటూ ఇటూ తాగుతుంది. అరచేయంత మినీ యూపీఎస్ ఒకటి అడాప్టరుకూ డబ్బాకూ మధ్య పెడితే రెండు మూడు గంటలు నిలుస్తుంది. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో ఫ్యాన్లు ఆపి డబ్బా ఒక్కదాన్నే నడిపితే ఒక రోజు పైనే వస్తుంది. డబ్బాకు విడిగా కార్డ్‌లెస్ ఫోను పెడితే దానికీ కరెంటు కావాలి. తీగ ఉన్న సాదా ఫోనే మేలు. బ్యాటరీలు ఈ ఉక్కపోతలో త్వరగా ముసలివవుతాయి. రెండేళ్లకోసారి మార్చవలసి వస్తుందనుకుని లెక్క వేసుకోవాలి.

మన డబ్బా వెలిగినంత మాత్రాన పని అయినట్టు కాదు. ఫైబర్ అవతలి కొసన ఇంకో పరికరం ఉంటుంది, ఓఎల్‌టీ అంటారు. ఒక్కో గాజు పోగు మీద 32 ఇళ్లనో 64 ఇళ్లనో నడిపేది అదే. దాని చేయి 20 కిలోమీటర్ల దాకా సాగుతుంది. అది ఎక్స్ఛేంజిలో ఉంటే వెనక బ్యాటరీలు, జనరేటరు ఉంటాయి. చాలా ఊళ్లలో ఫైబర్ పనులు స్థానిక భాగస్వాములకు అప్పగించారు. పరికరం వాళ్ల దుకాణంలోనే ఉంటే దాని వెనక ఏముందో అడిగి తెలుసుకోవాలి. “కరెంటు పోయినా మీ దగ్గర ఎన్ని గంటలు నడుస్తుంది?” అన్నది వేగం గురించి అడిగే ప్రశ్న కంటె విలువైనది. లైను తెగినప్పుడు డబ్బా మీద ఎల్‌ఓఎస్ అన్న దగ్గర ఎర్ర లైటు మినుకు మినుకుమంటుంది. ఆ ఎర్రలైటు చూశాక ప్లగ్గు తీసి పెట్టినా, రీసెట్ నొక్కినా ప్రయోజనం లేదు. వెంటనే ఫిర్యాదు చేయడమే. డబ్బానే పాడైతే కొత్తది పోర్ట్ బ్లెయిర్ నుంచి బస్సు మీద రావలసి ఉంటుందా, ఊళ్లోనే దొరుకుతుందా అన్నదీ ముందే కనుక్కోవలసిన సంగతి.

ఆపద వేళ

ఈ దీవులు భూకంపాల పట్టీ మీద ఉన్నాయి. 2002 సెప్టెంబరులో దిగ్లీపూర్ దగ్గర 6.5 తీవ్రతతో భూమి కంపించింది. 2004 డిసెంబరు 26 సునామీ సంగతి ఏ కుటుంబానికీ గుర్తు చేయనక్కరలేదు. అండమాన్‌లో ఉన్న తమవాళ్లు బతికున్నారో లేదో తెలియక సిక్కోలు పల్లెల్లో ఫోన్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దేశమంతటికీ ఆపద నంబరు 112. ఫైబర్ ఫోను నుంచి అది పనిచేయాలి; మారిన మర్నాడే సరిగ్గా కలుస్తోందో లేదో కంపెనీవాళ్లను అడిగి నిర్ధారించుకోవాలి. యాప్ ఫోన్ల సంగతి వేరు. ట్రాయ్ 2017లో వాటికి అత్యవసర నంబర్ల సౌకర్యాన్ని ప్రోత్సహించమందే గాని తప్పనిసరి చేయమనలేదు, ఆ లోటు వినియోగదారుకు చెప్పాలంది. యాప్ మనతోపాటు తిరుగుతుంది కనుక మనం మాయాబందర్‌లో ఉన్నామో మద్రాసులో ఉన్నామో అవతలివారికి తెలియకపోవచ్చు.

ఇది ఒక్క మనకు వచ్చిన చిక్కు కాదు. అమెరికాలో ఇంటర్‌నెట్ ఫోన్లు ఇళ్లలోకి పాకిన తొలి రోజుల్లో అత్యవసర కాల్ సరైన చోటికి చేరని ఘటనలు జరిగాక, అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ 2005లో ఆ కంపెనీలన్నీ చిరునామాతో సహా 911 సౌకర్యం ఇచ్చి తీరాలని ఆదేశించింది. బ్రిటన్ తన రాగి ఫోన్ల వ్యవస్థను 2025 ఆఖరుకు మూసేద్దామనుకుంది. వృద్ధులు మెడలో వేసుకునే ఆపద బటన్లు కొత్త లైను మీద పనిచేయని సంగతి బయటపడ్డాక, 2023 డిసెంబరులో బలవంతపు మార్పిడులు ఆపి, ఆ తర్వాత గడువును 2027 జనవరికి జరిపింది. అంత ధనిక దేశమే పెద్దవాళ్ల కోసం ఆగిందంటే, మన ఇంట్లో ముసలమ్మ కోసం మనం ఓ నెల ఆగి ఆలోచించడం వెనకబాటు అనిపించుకోదు.

తెలుగునాట, తెలుగువారి ఇళ్లలో

తెలుగువారికి ఇంటర్‌నెట్ ఫోను కొత్తేమీ కాదు. కాలింగ్ కార్డు గీకి, ఇంత పొడవు నంబరు నొక్కి, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ ఇంటికి మాట్లాడిన అమెరికా తెలుగు కుటుంబాలు చాలా ముందే ఈ దారి పట్టాయి. 2009 ఆగస్టులో వోనేజ్ కంపెనీ భారత్‌తో సహా 60 దేశాలకు నెలకు పాతిక డాలర్లలోపు ఎంతసేపైనా మాట్లాడే పథకం తెచ్చినప్పుడు, ఆదివారం పూట గుంటూరుకో కరీంనగర్‌కో గంటల తరబడి మాట్లాడే అలవాటు మొదలైంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటర్‌నెట్ ఫోనును పల్లెలకు తెచ్చింది. 2015లో ఏర్పడిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా గాజు తీగ లాగి, నెలకు 149 రూపాయలకు ఇంటర్‌నెట్, టీవీ, ఫోను మూడూ ఒకే తీగలో ఇచ్చింది. కోనసీమలోని మోరి గ్రామంలో 2016 డిసెంబరులో మొదలుపెట్టి, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా జాతికి అంకితం చేశారు. స్తంభాల మీద లాగడం వల్లే అంత చవకగా, అంత త్వరగా అయింది. అదే దాని బలహీనత కూడా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో వేల కరెంటు స్తంభాలు నేలకూలాయి. కరెంటూ ఫోనూ ఒకే స్తంభాన్ని నమ్ముకుంటే రెండూ ఒకే రాత్రి పోతాయి. మాయాబందర్‌లో ఫైబర్ ఎక్కడినుంచి వస్తోందో, స్తంభం మీదనా భూమిలోనా అని తల పైకెత్తి చూడటం అందుకే అవసరం.

ఎవరు మారాలి

రాగి లైను నెలకు రెండు మూడుసార్లు చచ్చిపోతున్న ఇల్లు మారిపోవడమే మంచిది. చిలుము పట్టిన అతుకుల కోసం మళ్లీ మనిషి వస్తాడని ఎదురుచూస్తూ కూర్చోవడంలో అర్థం లేదు. ఇంట్లో పిల్లలు ఊళ్లోని మహాత్మా గాంధీ కళాశాలలో చదువుతూ నెట్ కావాలంటుంటే ఫైబర్ ఎలాగూ వస్తుంది. ఫోను దాంతో పాటే వస్తుంది, అదనపు ఖర్చు పెద్దగా ఉండదు. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ల ఇంట్లో, ఇన్వర్టరు లేకపోతే, రాగి లైను బాగానే పలుకుతుంటే దాన్ని ఇప్పుడప్పుడే తీయించవద్దనే నా సలహా. తీయించాల్సి వస్తే మాత్రం మినీ యూపీఎస్ కొని, పక్కన బటన్ల మొబైల్ ఒకటి నిండా చార్జి చేసి పెట్టాకే తీయించాలి. డబ్బాకు గుచ్చిన ఫోను, మొబైలు రెండూ ఒకే కంపెనీవి కాకుండా చూసుకుంటే ఒకరి దారి మూసుకున్నప్పుడు రెండోది మిగిలే అవకాశం ఉంటుంది. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలన్న 2021 జనవరి నాటి నిబంధన ఫైబర్ ఫోనుకూ వర్తిస్తుంది. పెద్దవాళ్ల ఫోను పక్కన ముఖ్యమైన నంబర్లు సున్నాతో సహా పెద్ద అక్షరాలతో రాసి అంటించాలి.

కనెక్షన్ ఇచ్చిన టెక్నీషియన్ ఇంకా ఇంట్లో ఉండగానే ఒక పని చేయాలి. ఇంటి మెయిన్ స్విచ్చి ఆపేయాలి. తెల్ల డబ్బా లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడాలి. ఫోను ఎత్తి, డయల్ టోను విని, సోంపేటలో ఉన్న అక్కకు చేసి, మామూలు మాటే ఒకటి మాట్లాడాలి. ఆమె జవాబు మన మాట మీద పడకుండా, మన మాట ఆగాక వచ్చిందా? అటు తర్వాతే కాగితం మీద సంతకం పెట్టాలి.